బాపు మడమ

రెండేళ్ళ తర్వాత హన్మకొండలో ఇంట్లో అడుగు పెట్టిన రోజు, బాపు మొకం కంటే ముందు ఆయన కాళ్ళు చూశాను. దుప్పటి కొంచెం జరిపి, ఎడమ కాలు పిక్క కింద చెయ్యిపెట్టి ఎత్తి మడమ చూశాను. అవ్వకు కోపమొచ్చింది. "వచ్చిరాంగనే కాళ్ళేం జూస్తున్నవ్ బిడ్డా? ముందుగాల మొకం జూడు. నీకోసం రాత్రంత కన్ను మూయలే" అన్నది.

అది నాకు అలవాటైపోయింది. 2023లో ఇంగ్లండు పోయినప్పటి నుంచి నా పని అదే. సపోర్ట్ వర్కర్ అంటారు, కేర్ వర్కర్ అని కూడా అంటారు. లేవలేని పెద్దవాళ్ళ ఇళ్ళకు పోయి, లేపి, కడిగి, బట్టలు మార్చి, తినిపించి, గోలీలిచ్చి, చేసిందంతా రాసి రావాలి. వాళ్ళను పేషెంట్లు అనం, క్లయింట్లు అంటాం. ఒక్కో ఇంటికి పోవడం ఒక 'కాల్'. పొద్దున ఆరున్నరకు మొదటి కాల్.

నా మొట్టమొదటి కాల్ ఒక రిటైరైన బస్సు డ్రైవరు ఇంటికి. నడుము కింద కదలిక లేదు. నాతో వచ్చిన సీనియర్ జింబాబ్వే ఆమె. నేను సక్కగా లోపలికి పోయి, కర్టెన్ లాగి, దుప్పటి తీయబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకొని మళ్ళీ బయటికి తీసుకపోయి తలుపు కొట్టించింది. పేరు చెప్పాలి. ఏం చేయడానికి వచ్చామో చెప్పాలి. సరేనా అని అడగాలి. ఆయన తల ఊపినాకనే ముట్టుకోవాలి. మొకం ముందు, కింద భాగం చివరకు, మధ్యలో నీళ్ళు మార్చాలి. కడిగే భాగం తప్ప మిగతా ఒళ్ళంతా తువ్వాలతో కప్పి ఉంచాలి. ఆ రోజు ఆయన తువ్వాల కొసను గట్టిగా పట్టుకొని ఉన్నాడు. పదిహేను రోజులు పోయినాక వదిలేశాడు. నా ఉద్యోగంలో నాకు దొరికిన మొదటి మెప్పు అదే అనుకుంటాను.

అప్పుడు నేర్చుకున్న ట్రైనింగులో 15 అంశాలు ఉండేవి. అన్నింటికంటే ఎక్కువ వాడుకున్నది చర్మం చూడటం. మంచంలో కదలకుండా ఉన్న మనిషికి ఎముక పైకి ఉన్న చోట, అంటే నడుము కింది ఎముక, తుంటి, మోచెయ్యి, మడమ దగ్గర బరువు పడి రక్తం ఆడదు. ముందు ఎర్రబడుతుంది. వేలితో నొక్కి తీస్తే తెల్లబడి మళ్ళీ రంగు వస్తే పర్వాలేదు. నొక్కినా ఎర్రగానే ఉంటే లోపల కండ దెబ్బతింటున్నట్టు. అదే పడక పుండుకు మొదలు.

కానీ ఆ పాఠంలో చూపించిన ఫోటోలన్నీ తెల్ల చర్మానివే. మన రంగు మీద ఎరుపు కనపడదు. ఆ సీనియర్ ఆమెనే నాకు తన చెయ్యి చూపించి చెప్పింది. రంగు మీద భరోసా పెట్టుకోవద్దు, చేత్తో చూడు అని. పక్క చర్మం కంటే వెచ్చగా ఉందా? గట్టిపడిందా, లేక మెత్తగా జారినట్టుందా? ముట్టుకుంటే మనిషి ఉలిక్కిపడుతున్నాడా?

బాపు మడమ మీద రూపాయి బిళ్ళంత మచ్చ, నేరేడు పండు రంగులో. "మంచం పట్టె తాకింది గావచ్చు" అన్నది అవ్వ. రోజూ కొబ్బరినూనె పోసి గట్టిగా రుద్దుతున్నదట. ప్రేమతోనే. అక్కడ రుద్దితే లోపలి కండ ఇంకా చెడుతుంది. పోయినేడాది పక్షవాతంతో బాపు ఎడమ చెయ్యి, కాలు పడిపోయినప్పుడు ఎంజీఎం ఆసుపత్రిలో చేర్చారు. నేను రాలేకపోయాను. ఇంటికి తెచ్చినాక అవ్వ ఒక్కతే ఆయన్ను ఎత్తుకొని తిప్పుతున్నది. షుగరు కూడా ఉంది కాబట్టి కాలికి స్పర్శ తక్కువ, పుండైతే మానదు. మరునాడే డాక్టరుకు చూపించాం. పిక్క కింద మెత్త పెట్టి మడమ దేనికీ ఆనకుండా గాలిలో ఉంచాం. పగలు రెండు గంటలకొకసారి ఒత్తిగిలించాం. ఎత్తి తిప్పాలి, ఈడ్చొద్దు. ఈడిస్తే చర్మం చీలుతుంది.

ఎంగిలిపూల బతుకమ్మ నాడు ఇంకొకటి జరిగింది. పొద్దున్నే షుగరు గోలీ వేసుకున్నాడు, తంగేడు పువ్వుల హడావుడిలో టిఫిను ఆలస్యమైంది. బాపు ఊకె విసుక్కుంటున్నాడు. "పండుగ నాడు గూడ అలుగుడేనా" అన్నది అవ్వ. నేను చెయ్యి పట్టుకుంటే చల్లటి చెమట, వణుకు. షుగరు మిషన్ పెడితే 58. ఇంగ్లండు మిషన్లలో లెక్క వేరు, 4 కంటే తక్కువ రావొద్దంటారు. దాన్ని 18తో గుణిస్తే మన లెక్కలో 72. అవ్వ నువ్వుల ముద్ద పట్టుకొని ఉరికొచ్చింది. నూనె ఉన్న తీపి తొందరగా రక్తంలోకి ఎక్కదు, పైగా పక్షవాతం వచ్చిన మనిషి గొంతుకు అడ్డం పడొచ్చు. నిటారుగా కూర్చోబెట్టి, నాలుగు టీ చెంచాల చక్కెర కొంచెం నీళ్ళలో కలిపి చెంచా చెంచాగా పోశాను. పావుగంటకు 91. అప్పుడు అన్నం పెట్టాం. ఆయన సోయిలో ఉన్నాడు, మింగగలిగాడు కాబట్టి పోశాను. సోయి లేకుంటే నోట్లో ఏమీ పోయొద్దు, 108కు ఫోన్ చేయాలి.

రోగానికి పేరు పెట్టడం, మందు పెంచడం, తగ్గించడం సపోర్ట్ వర్కర్ చేయొద్దు. నిన్నటికీ ఇయ్యాలకూ తేడా పట్టి చెప్పాలి, అంతే. కానీ ఆ తేడా పట్టేవాళ్ళు ఇంకెవరూ లేరు. నా క్లయింట్ ఒకామె, ఎనభై దాటింది, రోజూ నాకు తన పెరట్లో బంగాళదుంపల ముచ్చట చెప్పేది. ఒకరోజు పొద్దున నన్ను దొంగ అన్నది, గోడ మీద ఎవరో ఉన్నారన్నది. ప్యాడ్ మార్చేటప్పుడు వాసన ఘాటుగా ఉంది. ఆఫీసుకు ఫోన్ చేశాను, డాక్టరు చూసి మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నాడు. మందులు పడ్డాక వారంలో మళ్ళీ బంగాళదుంపల కాడికి వచ్చింది. మతిమరుపు రోగం మెల్లగా, నెలలు ఏళ్ళ మీద వస్తుంది. రెండ్రోజుల్లో మనిషి మారితే లోపల ఇంకేదో ఉన్నట్టు. మన దగ్గర "ముసల్తనం, మతి చెడింది" అని ఊరుకునే ఇళ్ళు నాకు తెలుసు. మా నాయనమ్మ విషయంలో మేమూ అట్లనే ఊరుకున్నాం.

ఊళ్ళో చాలామంది వీసా గురించి అడిగారు. ఆ దారి మూసుకపోయింది. కేర్ పనికి కొత్తగా వచ్చేవాళ్ళు భర్తను, భార్యను, పిల్లల్ని తెచ్చుకునే వీలును 2024 మార్చి 11న తీసేశారు. 2025 జులై 22 నుంచి బయటి దేశాల నుంచి కేర్ వర్కర్లను తీసుకోవడమే ఆపేశారు. ఇప్పుడు ఎవరైనా ఆ వీసా ఇప్పిస్తానని పైసలు అడిగితే ఇవ్వకండి. పని దొరికినా కళ్ళు తెరిచి ఉండాలి. మా ఏజెన్సీ ఇంటికీ ఇంటికీ మధ్య తిరిగే టైముకు జీతం కట్టేది కాదు. కనీస వేతనం లెక్కలో ఆ టైము కూడా కలపాలని ఏడాది దాకా నాకు తెలియదు. అడిగినాకనే కట్టారు.

తిరిగి పోయే ముందు అవ్వకు అన్నీ చేసి చూపించాను. ఆమె చేత్తోనే చేయించాను. ఇప్పుడు నా రాత్రి కాల్స్ అయిపోయి రూముకు వచ్చేసరికి అక్కడ తెల్లవారుతుంది. వీడియోలో అవ్వ టార్చి వేసి మడమ చూపిస్తుంది. ఫోన్లో రంగు సరిగ్గా తెలియదు.

"చెయ్యి వెట్టి చెప్పవ్వా. వెచ్చగున్నదా?"

"ఆగు, ఆయన్ను అడగనీయ్. ఏమయ్యా, కాలు ముడుతున్న, సరేనా?" బాపు ఊఁ అన్నది వినపడింది. "వెచ్చగ లేదు బిడ్డా. నిన్నటి కంటె జర మెత్తగున్నది."

"మెత్తగ అంటే జారినట్టున్నదా, పక్క తోలు లెక్కనే ఉన్నదా?"

కొంచెం సేపు ఏమీ మాట్లాడలేదు. కుడి మడమ, ఎడమ మడమ, రెండూ ముట్టి చూసుకుంటున్నది.

"కుడి కాలు లెక్కనే ఉన్నది" అన్నది.