వేషాల జాబితా అంటించే ముందు

స్కూలు వార్షికోత్సవానికి నాటకం వేయించే టీచరుకు ఒక సాయంత్రం తప్పదు. ఎవరికి ఏ వేషమో పిలకాయలు ఇంటికి పోయి చెప్పే సాయంత్రం అది. ఏడింటికల్లా వాట్సాప్ గ్రూపులో మొదలవుతుంది: "మేడమ్, మా వాడికి చెట్టు వేషం ఇచ్చినారంట, నిజమేనా?" ఆ తర్వాత ఫోన్లు. మర్నాడు పొద్దున గేటు దగ్గర ఇద్దరు ముగ్గురు తల్లులు. నెల్లూరైనా, కావలైనా, ఒంగోలైనా, కందుకూరు పక్క పల్లె అయినా ఈ వరసలో పెద్ద తేడా ఉండదు.

దీన్ని తల్లిదండ్రుల పంతమని కొట్టిపారేసే టీచర్లు చాలామంది. నేను ఒప్పుకోను. వేషం చిన్నదైనందుకు బాధపడేవాళ్ళు తక్కువ. నా బిడ్డను వీళ్ళు ఏ కళ్ళతో చూసి ఈ వేషం ఇచ్చారన్నదే అసలు బాధ. దానికి టీచరు దగ్గర సరైన జవాబుంటే గొడవ పది నిమిషాల్లో సద్దుమణుగుతుంది. నిజంగానే రంగు చూసో, ఒళ్ళు చూసో, ఇంటిపేరు చూసో ఇచ్చి ఉంటే ఎంత సర్దిచెప్పినా సద్దుమణగదు. సద్దుమణగకూడదు కూడా.

ముందు రంగు సంగతి. ఇది ఎల్‌కేజీ కృష్ణాష్టమి నుంచే మొదలవుతుంది. తెల్లగా బొద్దుగా ఉన్న బుడ్డోడు కృష్ణుడు, తెల్లటి పాప రాధ. కృష్ణుడు నల్లనివాడని పద్యాలు చెప్పుకునే మనమే నల్లటి పిల్లవాణ్ణి ఆ వేషానికి పిలవం. తెల్లటివాణ్ణి కూర్చోబెట్టి నీలం పూస్తాం. నల్లగా ఉన్నవాళ్ళకు రాక్షసులు, లావుగా ఉన్నవాడికి కుంభకర్ణుడు, క్లాసులో అందరికన్నా పొడుగు పాపకు తాటకి. టీచరుకు చెడ్డ ఉద్దేశం ఉండకపోవచ్చు, చూడగానే తట్టింది ఇచ్చేశారు, అంతే. కానీ నాటకం ఫిబ్రవరిలో అయిపోయినా ఆ పేరు అయిపోదు. పదో తరగతి దాకా వాణ్ణి "ఒరే కుంభకర్ణా" అనే పిలుస్తారు. ఆ సంగతి తల్లికి ముందే తెలుసు, అందుకే గేటు దగ్గరికి వచ్చింది. కాబట్టి పిల్లవాణ్ణి చూడగానే ఏ పేరు తట్టిందో ఆ వేషం వాడికి ఇవ్వకండి. వాడే అడిగి, అందరితో పాటు చదివి తెచ్చుకుంటే అప్పుడు సరే.

ప్రతినాయకుడి వేషం తక్కువదేం కాదు. మన పల్లెల్లో తెల్లవార్లూ ఆడే పద్య నాటకాల్లో దుర్యోధనుడి వేషం మంచి గొంతున్న పెద్ద నటుడికే ఇచ్చేవాళ్ళు. పద్యం బాగా పాడితే జనం ఒన్స్‌మోర్ కొట్టేవాళ్ళు. రావణుడి వేషం వచ్చిందని తల్లి దిగులుపడుతుంటే ఇంట్లో తాతతో మాట్లాడించండి. ఆ విలువ ఆయనకు తెలిసినంతగా మనకు తెలియదు. మగపిల్లవాడికి ఆడవేషం ఇచ్చారని తండ్రి కోపగించుకున్నప్పుడు చెప్పాల్సిన పేరు కూడా ఈ నేలదే. ఒంగోలు పక్కన వినోదరాయునిపాలెంలో 1872లో పుట్టిన టంగుటూరి ప్రకాశం పంతులు చిన్నతనంలో ఆడవేషాలు వేసినవారే. 1928లో మద్రాసులో పోలీసు తుపాకులకు రొమ్ము చూపించిందీ ఆయనే. ఇంత చెప్పినా పిల్లవాడికే ఇష్టం లేకపోతే మాత్రం బలవంతం వద్దు.

ఇక ఎంపిక. నాటకానికి ఆరు వారాల ముందు ప్రతి ఇంటికీ ఒక చీటీ పోవాలి. కథ ఏమిటి, రిహార్సలు ఏ పీరియడులో, బస్సు పిల్లలు ఎట్లా పోతారు, ఖర్చు ఎంత, ఇవన్నీ అందులో ఉండాలి. కింద మూడు ప్రశ్నలు: ఏ రోజుల్లో రాలేరు, ఉబ్బసం లాంటి ఇబ్బందులున్నాయా, మతం వల్లో మరే కారణం వల్లో వద్దనుకునే వేషం ఉందా. దేవుడి వేషం తమ పిల్లలకు వద్దనే ఇళ్ళు ఉంటాయి. సంతోషంగా వేయించే ముస్లిం, క్రైస్తవ కుటుంబాలూ ఉంటాయి. ముందే అడిగితే రెండూ మామూలు విషయాలే. డ్రెస్సు కుట్టించాక తెలిస్తే మాత్రం రెండు వైపులా మనసు కష్టపెట్టుకుంటారు.

తర్వాత క్లాసు మొత్తం చేత చదివించాలి. ఇష్టమున్నవాళ్ళు చేతులెత్తండి అంటే ఎప్పుడూ ఎత్తే ఆ ఆరు చేతులే లేస్తాయి. మూడు రోజుల పాటు చివరి పీరియడులో అందరికీ అవే రెండు డైలాగులు ఇవ్వండి. ఒకటి అరిచి చెప్పాల్సింది, ఇంకోటి మెల్లగా చెప్పినా వినబడాల్సింది. ఒక టీచరు ముందు నిలబడాలి, ఇంకొకరు 30 అడుగుల దూరంలో వెనక కూర్చోవాలి. గొంతు వినబడితే 5 మార్కులు, అర్థం తెలిసి చెబితే 5, ఎదుటివాళ్ళ డైలాగు పూర్తయ్యేదాకా విని అందుకుంటే 5. ఇద్దరూ విడివిడిగా వేయాలి. ముఖానికి, రంగుకు, ఎత్తుకు ఆ కాగితంలో గడే ఉండకూడదు. మూడు రోజుల్లో ఏ రోజు ఎక్కువ వస్తే ఆ మార్కే తీసుకోండి. బిడియస్తులు మొదటి రోజు నోరు విప్పరు, మూడో రోజుకు వాళ్ళ గొంతు బయటపడుతుంది. టీచరు కూతురో, కరస్పాండెంటు మనవడో ఆ క్లాసులో ఉంటే ఆ ఒక్క పిల్లకు మార్కులు వేరే క్లాసు టీచరు వేయాలి. ఈ ఒక్క జాగ్రత్తతో సగం గుసగుసలు ఆగిపోతాయి.

మార్కుల కాగితం పారేయకండి. గేటు దగ్గర జవాబు చెప్పేటప్పుడు మీ చేతిలో ఉండాల్సింది అదే.

అయితే ఎంపిక ఎంత న్యాయంగా చేసినా, రాసిన నాటకంలోనే ఒక రాజు, ముప్పై తొమ్మిది మంది జనం ఉంటే ఎవరూ ఏమీ చేయలేరు. కాబట్టి అసలు మరమ్మతు స్క్రిప్టులో జరగాలి. పన్నెండు నిమిషాల నాటకంలో దాదాపు 90 డైలాగులు పడతాయి. 40 మంది క్లాసులో 18 మందికి మాటలున్న పాత్రలు రాయొచ్చు. ఎవరికీ 12 డైలాగులు మించకుండా, ఎవరికీ 3కు తగ్గకుండా ఒక పట్టిక వేసుకుని లెక్క చూడండి. మిగిలినవాళ్ళు బృందంగా కథ చెప్పేవాళ్ళు, పాట పాడేవాళ్ళు, డప్పు కొట్టేవాళ్ళు. ప్రతి పాత్రకూ ఒక పరీక్ష పెట్టండి: ఈ పాత్రను తీసేస్తే కథ ఎక్కడైనా ఆగుతుందా? ఆగకపోతే ఆ పాత్ర స్టేజీ నింపడానికి పెట్టిందే. దానికి ఒక పని ఇవ్వండి, లేదా తీసేయండి.

చెట్టు సంగతే చూడండి. ఛాతీకి అట్ట కట్టి, రెండు చేతులూ పైకెత్తించి ఎనిమిది నిమిషాలు నిలబెడతారు. మూడో నిమిషానికి భుజాలు లాగుతాయి, ఐదో నిమిషానికి చేతులు దిగిపోతాయి, ముందు వరసలో ఎవరో నవ్వుతారు. లైట్ల వేడికి, పొగ మిషనుకు కళ్ళు తిరిగి కూలబడే పిల్లలు కూడా ఎక్కువగా ఈ వేషంలోవాళ్ళే. చెట్టు తప్పదంటే కూర్చునే చెట్టు చేయండి. రెండు నిమిషాలు మించి ఉంచకండి. ఎండిపోయేది, చిగురించేది, ఎవరు కొట్టేశారో సాక్ష్యం చెప్పేది ఆ చెట్టే అయ్యేట్టు రాయండి. అప్పుడు ఆ తల్లి ఫోను తీసి వీడియో తీసుకుంటుంది.

పెద్ద పాత్రను పంచడం ఇంకో దారి. పొట్టి శ్రీరాములు కథకు ఇది బాగా కుదురుతుంది. మద్రాసులో 1952 అక్టోబరు 19న మొదలై డిసెంబరు 15 రాత్రి దాకా, 58 రోజుల దీక్ష. నాలుగు సీన్లు, నలుగురు శ్రీరాములు. సీను మారేటప్పుడు మొదటివాడు తన ఖద్దరు కండువా స్టేజీ మీదే రెండోవాడి భుజాన వేసి పక్కకు తప్పుకోవాలి. చూసేవాళ్ళకు తికమక ఉండదు, ఒకడికి జ్వరం వస్తే మిగిలిన ముగ్గురికీ డైలాగులు వచ్చే ఉంటాయి. తెర వెనక మారిస్తే మాత్రం ఎవడు బాగా చేశాడన్న పోటీ ఇళ్ళలో మొదలవుతుంది. అందుకే కండువా అందరి కళ్ళ ముందే చేతులు మారాలి.

ఆయనదే నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలో దళితుల ప్రవేశం కోసం చేసిన దీక్ష ఉంది. పాత్రలు బోలెడు, మంచి నాటకం అవుతుంది. కానీ గుడి బయట నిలబడేవాళ్ళుగా ఎవరిని ఎంచుతారన్నది చాలా జాగ్రత్తగా చూడాల్సిన విషయం. దళితవాడ నుంచి వచ్చే పిల్లలనే ఆ వైపు నిలబెట్టి, మిగతావాళ్ళను లోపల నిలబెడితే, నాటకం ఏ అన్యాయం గురించి చెబుతోందో దాన్నే మనం మళ్ళీ చేసినట్టు. క్లాసు ముందు చీటీలు తీయించండి. రిహార్సళ్ళలో రెండు గుంపులనూ మార్చి మార్చి నిలబెట్టండి, అందరికీ రెండు వైపులా నిలబడిన అనుభవం కావాలి. నాటకం రోజు ఎవరు ఎటు అన్నదీ చీటీయే తేల్చాలి.

ఆడపిల్లలు ఎక్కువున్న క్లాసుకు నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళ సారా వ్యతిరేక ఉద్యమం కుదురుతుంది. ముందు నిలబడిన రోశమ్మ ఒక్కరే కాదు, ప్రతి ఇంటి నుంచీ ఒక ఆడమనిషి వచ్చి ఒక మాట అంటుంది, కాబట్టి పదిహేను పాత్రలు తేలిగ్గా వస్తాయి. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చిన చోట నాటకం ముగించొచ్చు. ఇందులో చిక్కు తాగుబోతు మొగుడి వేషం. ఏ తండ్రీ కొడుకుని ఆ వేషంలో చూడలేడు, ఇంట్లో అలాంటి బాధే ఉన్న పిల్లవాడి సంగతి చెప్పక్కర్లేదు. ఆ మనిషిని స్టేజీ మీదికి తేవాల్సిన పనే లేదు. భార్య గడప దగ్గర ఖాళీ సారా ప్యాకెట్లు ఒక్కొక్కటీ ఏరుతుంది. లోపలి నుంచి దగ్గు వినిపిస్తుంది. అంతే చాలు.

డబ్బు విషయం త్వరగా చెప్పేస్తాను. రాజు డ్రెస్సుకు అద్దె ఎక్కువ, పల్లెటూరివాడి పంచెకు ఏమీ కాదు. రాజు వేషం వచ్చిన పిల్ల ఇంట్లో డబ్బు లేక వేషం మానుకునే పరిస్థితి రాకూడదు. అందరి దగ్గరా సమానంగా కొద్ది మొత్తం తీసుకుని ఒకే చోట ఖర్చుపెట్టి, లెక్క గ్రూపులో పెట్టండి. కట్టలేనివాళ్ళ పేరు ఎక్కడా రాకూడదు. కిరీటాలు పెళ్ళి శుభలేఖల దళసరి అట్టతో చేసుకోవచ్చు: తల చుట్టుకొలతకు ఒక అంగుళం కలిపి, లోపల స్పాంజి పట్టీ అంటించి, వెనక ఎలాస్టిక్ పెట్టాలి. అద్దె కిరీటాలు పెద్దవాళ్ళ కొలతవి, సరిగ్గా డైలాగు మధ్యలో కళ్ళ మీదికి జారతాయి. మీసాలకు జిగురు వద్దు, కాటుక చాలు.

మైకు గురించి మాత్రం నిదానంగా ఆలోచించాలి, ఎందుకంటే నాటకం అయిపోయాక వచ్చే ఫిర్యాదులు ఎక్కువగా దాని వల్లే. నెల రోజులు నేర్చుకున్న మూడు డైలాగులు స్పీకర్లో రాకపోతే, ఇందుకూరుపేట నుంచి రొయ్యల గుంట పనులు ఆపుకుని వచ్చిన తండ్రికి అవి చెప్పనట్టే లెక్క. స్టేజీ ముందు మూడు మైకులు, మధ్యలో పైనుంచి వేలాడేవి రెండు ఉండాలి. డైలాగు ఉన్నవాడు ఏ మైకు దగ్గర నిలబడాలో నేల మీద సున్నంతో గుర్తు పెట్టండి. సౌండు మనిషిని చివరి రిహార్సలుకు కూడా పిలవండి. డైలాగులు ముందే రికార్డు చేసే స్కూళ్ళు ఎవరి డైలాగు వాళ్ళ గొంతుతోనే చేయాలి. ఒక పిల్ల పెదవులకు ఇంకో పిల్ల గొంతు పెట్టడం ఇద్దరికీ అవమానమే. బృందం రెండు వరసలుగా నిలబడితే నాటకం సగంలో వెనక వరస ముందుకు రావాలి.

వేషాలు శనివారం సాయంత్రం చెప్పకండి. ఆదివారమంతా ఇంట్లో అదే మాట నలుగుతుంది, అడగడానికి స్కూలు ఉండదు. సోమవారమో మంగళవారమో క్లాసులో చెప్పి, అదే సాయంత్రం ప్రతి ఇంటికీ చీటీ పంపండి. "గ్రామస్తురాలు" అని ఒక్క మాట రాస్తే చాలదు. "రెండో సీను, ఊరి గంట కొట్టే మనిషి, 6 డైలాగులు" అని ఉండాలి.

అయినా ఒక తల్లి వస్తుంది. "ఏంది మేడమ్, మా పాప అంత బాగా చదవతాది గదా, దానికి ముఖ్యమైంది ఎందుకు ఇయ్యలా?" దీనికి "అన్ని వేషాలూ ముఖ్యమేనమ్మా" అనకండి, అది తలుపు మూసేసే మాట. కాగితం తీయండి. "చూడమ్మా, మాట అర్థం చేసుకునేదాంట్లో మీ పాపకు ఐదుకి ఐదు. గొంతు మాత్రం వెనక్కి రావడం లేదు, రెండు మార్కులే వచ్చాయి. ఈ నెలంతా గొంతు మీద పని చేయిస్తాం. రెండో సీను మొదలయ్యేది మీ పాప గంటతోనే, ఆమె పిలిస్తేనే పదిమందీ వస్తారు. రేపు చివరి పీరియడుకు వచ్చి చూడండి." చూడడానికి పిలవడం ముఖ్యం. రిహార్సలు ఒక్కసారి చూసిన తల్లి మళ్ళీ గొడవకు రావడం అరుదు. మీ లెక్కే తప్పని తేలితే మాత్రం వేషం మార్చండి, కానీ అరిచినందుకు మార్చకండి. ఒకసారి అలా మారిస్తే మర్నాడు గేటు దగ్గర అరిచేవాళ్ళు పదిమంది ఉంటారు.

తల్లిదండ్రులకూ ఒక మాట. పిల్ల వేషం పేరు చెప్పగానే "అదేనా?" అనకండి, "ఏ సీన్లో వస్తావు, ఏం మాట్లాడతావు?" అని అడగండి. పిల్లకు ఆ వేషం నచ్చిందో లేదో తెలిసేదాకా మీ బాధను గ్రూపులో పెట్టకండి. ముందు కరస్పాండెంటు దగ్గరికి పోకండి, నాటకం నేర్పే టీచరు దగ్గరికి పొండి. రంగు, ఒళ్ళు, కులం, కట్టని ఫీజు, వీటిలో ఏదైనా కారణమని తెలిస్తే మాత్రం ఊరుకోకండి. కాగితం మీద రాసి ఇచ్చి, జవాబు కూడా కాగితం మీదే అడగండి.

నాటకం అయ్యాక డ్రెస్సులు విప్పకముందే అందరితో ఫోటో తీయించండి, అద్దెవి మర్నాడు పొద్దున్నే తిరిగి ఇవ్వాలి కాబట్టి తర్వాత కుదరదు. మైకులో పేర్లు హాజరు పట్టీ వరసలో చదవండి, వేషాల వరసలో కాదు. ఆ వారంలోనే ఒక నోటు పుస్తకంలో ఎవరు ఏ వేషం వేశారు, ఎన్ని డైలాగులు చెప్పారు అని రాసి, వచ్చే ఏడు ఆ క్లాసు తీసుకునే టీచరు చేతికి ఇవ్వండి. ఈసారి మూడు డైలాగులే వచ్చినవాళ్ళ పేర్ల పక్కన ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టండి. వచ్చే ఏడు చదివించడం వాళ్ళతో మొదలుపెట్టాలి.