క్రాల్ స్పేస్ నుంచి తుది సంతకం దాకా: సొంతంగా చేసుకున్న ప్లంబింగ్, నా అనుభవం

సియాటిల్‌కు తూర్పున ఉన్న మా ఇంటి కింది అంతస్తులో కమోడ్, వాష్‌బేసిన్ మాత్రమే ఉన్న చిన్న గది ఒకటి ఉండేది. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడల్లా స్నానానికి పై అంతస్తుకు ఎక్కవలసి వచ్చేది. నాన్నగారికి మోకాలి ఆపరేషన్ అయిన తరువాత అది కుదరని పని అయింది. ఆ గదిని ఆనుకుని చలికోట్లు తగిలించుకునే అల్మరా ఉండడంతో, మధ్య గోడ తీసేసి అక్కడ షవర్ కడితే కిందనే పూర్తి స్నానాలగది అమరుతుందని అనుకున్నాం. కాంట్రాక్టర్లు చెప్పిన ధరలు విన్నాక, కరెంటు పని లైసెన్సు ఉన్నవారికి అప్పగించి, ప్లంబింగ్ మాత్రం నేనే చేసుకోవాలని నిశ్చయించుకున్నాను.

వాషింగ్టన్ రాష్ట్ర చట్టం ప్రకారం తన నివాసంలో తానే ప్లంబింగ్ చేసుకునే యజమానికి ప్లంబర్ సర్టిఫికెట్ అవసరం లేదు. సర్టిఫికెట్ అక్కరలేదంటే పర్మిట్ కూడా అక్కరలేదని చాలామంది అనుకుంటారు. కుళాయి మార్చుకోవడం వంటి పనులకు ఎవరూ అడగరు గాని, కొత్త డ్రెయిన్ వేసి వెంట్ (డ్రెయిన్‌కు గాలి అందించే పైపు) కలపాలంటే పర్మిట్, తనిఖీ రెండూ తప్పవు. గోడ లోపల చేసే పని ఎవరికి తెలుస్తుంది, అనవసరంగా ఇన్స్పెక్టర్‌ను ఇంటికి పిలిపించుకోవడం దేనికి అని మిత్రులు హితవు చెప్పారు. నాకు మాత్రం, ప్లంబింగ్‌లో అనుభవం లేనివాడు చేసిన పనిని గోడ మూసే ముందు తెలిసినవాడొకడు వచ్చి చూడడం, అదీ పర్మిట్ రుసుములోనే, చాలా చవక బేరమనిపించింది.

దరఖాస్తుతో పాటు నగరంవారు పైపుల బొమ్మ అడిగారు. ఏ పైపు ఎంత లావు, ఎటు వాలు, వెంట్ ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుంది అన్నవన్నీ ఒకే కాగితం మీద ఏటవాలు గీతలతో చూపించాలి. ఈ బొమ్మ గీయడానికి పట్టిన సమయం పైపులు అతికించడానికి కూడా పట్టలేదంటే అతిశయోక్తి కాదు. ఇక్కడ అమలులో ఉన్నది యూనిఫామ్ ప్లంబింగ్ కోడ్. అందరూ యూపీసీ అంటారు. దాని లెక్కలో వాష్‌బేసిన్‌కు 1, షవర్‌కు 2, కమోడ్‌కు 3 చొప్పున డ్రెయినేజి యూనిట్లు (డ్రెయిన్ మీద పడే నీటి భారానికి కొలత) వస్తాయి, వాటిని బట్టే పైపుల సైజు తేలుతుంది. షవర్ డ్రెయిన్ 2 అంగుళాలకు తగ్గకూడదు. షవర్ లోపలి నేల 1,024 చదరపు అంగుళాలైనా ఉండాలి, అందులో 30 అంగుళాల వృత్తం పట్టాలి. కమోడ్ మధ్యగీత నుంచి పక్క గోడకు 15 అంగుళాలు, ముందు 24 అంగుళాలు ఖాళీ ఉండాలి. కమోడ్‌ను ఒక అడుగు పక్కకు జరిపితే గది విశాలంగా ఉంటుందని ఆశపడ్డాను గాని, టేపు పెట్టి చూస్తే కొత్త చోట సరిగ్గా నేలను మోసే జాయిస్టు (చెక్క దూలం) అడ్డం వచ్చింది. దాన్ని కోయడం ప్లంబింగ్‌తో పోయే పని కాదు కనుక కమోడ్ ఉన్నచోటనే ఉండిపోయింది.

అసలు చిక్కంతా వెంట్ దగ్గరే ఉంది. డ్రెయిన్ కింద ట్రాప్ అనే వంపులో 2 నుంచి 4 అంగుళాల లోతున నీరు నిలిచి ఉంటేనే మురుగు వాసన ఇంట్లోకి రాదు. పైపులో నీరు జోరుగా దిగేటప్పుడు వెనక నుంచి గాలి అందకపోతే ఆ నిలువ నీటిని కూడా లాక్కుపోతుంది. గాలి అందించడమే వెంట్ పని. అందుకే ట్రాప్ నుంచి వెంట్ దాకా ఉండే దూరానికి కోడ్ హద్దు పెట్టింది. యూపీసీలో 2 అంగుళాల పైపుకు ఈ దూరం 5 అడుగులు. అడుగుకు పావు అంగుళం వాలు చొప్పున 5 అడుగుల్లో పైపు దిగేది అంగుళంబావు మాత్రమే, అంటే వెంట్ నోరు ఇంకా ట్రాప్ నీటి మట్టానికి పైనే ఉంటుంది, గాలికి దారి మూసుకుపోదు. ఇంటర్నెట్‌లో కనబడే వీడియోలు చాలావరకు వేరే కోడ్ నడిచే రాష్ట్రాలవి. అక్కడ ఇదే పైపుకు 8 అడుగులు ఒప్పుకుంటారు. వీడియో చూసి ఇక్కడ పైపు వేసినవాడు గోడ మళ్లీ తెరవవలసి వస్తుంది. మా షవర్‌కు, పాత వెంట్ ఉన్న వాష్‌బేసిన్ గోడకు మధ్య దూరం ఈ హద్దు దాటుతుండడంతో, అల్మరా గోడలోనే షవర్‌కు వేరే వెంట్ లేపి, దాన్ని వాష్‌బేసిన్ అంచు కన్నా 6 అంగుళాల పైకి తీసుకువెళ్లిన తరువాతే అడ్డంగా తిప్పి పాత వెంట్‌లో కలపాలని బొమ్మలో చూపించాను. అంతకన్నా కింద కలిపితే, ఎప్పుడైనా డ్రెయిన్ మూసుకుపోయినప్పుడు మురుగు వెంట్‌లోకి ఎక్కి, అక్కడే పేరుకుని, గాలి దారిని ఎవరికీ తెలియకుండా మూసేస్తుంది. ఆ బొమ్మను చిన్న సవరణతో ఆమోదించారు.

ఇంటి నేల కింద క్రాల్ స్పేస్, అంటే పాకుతూ వెళ్లేంత ఖాళీ జాగా, ఉండడం ఈ ప్రాంతపు ఇళ్లలో మామూలే. కాంక్రీటు పగలగొట్టే బాధ లేదు కాబట్టే ఈ సాహసానికి దిగాను. అయితే అందులో కూర్చోవడానికి కూడా వీలుండదు. తేమ రాకుండా నేల మీద పరిచిన నల్ల ప్లాస్టిక్ పట్టా మీద వెల్లకిలా పడుకుని, నుదుటికి లైటు కట్టుకుని, ముఖం మీద రాలుతున్న గాజు ఉన్ని తుడుచుకుంటూ చేయాలి. మా జాయిస్టులు 9.25 అంగుళాల లోతువి. రంధ్రం వాటి లోతులో మూడోవంతు మించకూడదు, పై అంచుకూ కింది అంచుకూ 2 అంగుళాల దూరం ఉండాలి. 2 అంగుళాల ఏబీఎస్ (నల్ల ప్లాస్టిక్) పైపు బయటి కొలత దాదాపు 2.4 అంగుళాలు కనుక ఇబ్బంది లేకుండా దూరింది. ఏబీఎస్‌కు ముందుగా ప్రైమర్ పూయవలసిన పని లేదు. నల్ల సిమెంటు రాసి, పైపు అడుగంటేదాకా తోసి, పావు చుట్టు తిప్పి, కాసేపు వదలకుండా పట్టుకోవాలి. ఒకసారి వేసిన అతుకు మళ్లీ ఊడదు కాబట్టి, ముందు అన్నిటినీ పొడిగా అమర్చుకుని, ఒక్కో అతుకు మీదా సుద్దతో గీత గీసి, వాలు సరిచూసుకున్న తరువాతే సిమెంటు డబ్బా తెరిచాను. అడ్డంగా పోయే పైపుకు 4 అడుగులకొక ఆధారం కావాలి. నీళ్లకు వాడిన పెక్స్ అనే వంగే ప్లాస్టిక్ గొట్టానికైతే 32 అంగుళాలకొకటి.

గోడ మూసే ముందు జరిగే రఫ్ తనిఖీకి ఇన్స్పెక్టర్ వచ్చేసరికి, కొత్త డ్రెయిన్ ప్రధాన పైపులో కలిసే చోట క్లీనౌట్‌లో (పైపు శుభ్రం చేయడానికి వదిలే మూత ఉన్న నోరు) టెస్ట్ బాల్ అనే రబ్బరు బుడగ పెట్టి, పైపు మూసుకునేలా దానిలో గాలి నింపి, నిలువు పైపులో 10 అడుగుల ఎత్తున నీళ్లు నిలబెట్టి ఉంచాను. 15 నిమిషాల పాటు ఆ మట్టం కదలకూడదు. ఆయన నీటి మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టి, మాట్లాడకుండా క్రాల్ స్పేస్‌లోకి దిగారు. తిరిగి వచ్చి, ఆమోదించిన బొమ్మను గోడకు ఆనించి, ఒక్కో పైపును వేలితో వెంబడించారు. గోడ నిలువు చెక్కల అంచుకు అంగుళం లోపు పైపు పోయే చోట్లన్నిటా ఇనుప పలకలు కొట్టామా లేదా అని తట్టి చూశారు. రేపు ఎవరైనా ఫొటో తగిలించడానికి మేకు కొడితే పైపులోకి దిగకుండా కాపాడేవి అవే. కావలసిన బొమ్మ, పర్మిట్ కార్డు, వాడిన సామాను పెట్టెల మీది ముద్రలు ఒకేచోట సిద్ధంగా ఉంచడం వల్ల ఆయన ప్రశ్నలు చాలా తగ్గాయని గమనించాను. తనిఖీ చేసేవాడికి మన నైపుణ్యంతో పనిలేదు. ఆమోదించిన కాగితమూ కట్టిన పనీ ఒకటేనా అన్నదే చూస్తాడు.

షవర్ నేలకు వేసిన వాటర్‌ప్రూఫ్ పొరకు వేరే పరీక్ష ఉంది. డ్రెయిన్‌ను లోపల మూసి, గడప మట్టం దాకా నీళ్లు నింపి నిలబెట్టాలి. మూసే బిరడా పొరను బిగించిన చోటికి దిగువన ఉండాలి, ఎందుకంటే ఎక్కువగా కారేది ఆ బిగింపు దగ్గరే. పొర కింద కూడా డ్రెయిన్ వైపు వాలు ఉందో లేదో ఇన్స్పెక్టర్ లెవెల్ పెట్టి చూశారు.

మన ఇళ్లవారికి అవసరమైన ప్రశ్న ఒకటి ఇన్స్పెక్టర్‌ను నేనే అడిగాను: కమోడ్ పక్కన హెల్త్ ఫాసెట్ పెట్టవచ్చునా? ఆయన దాన్ని కొట్టిపారేయకుండా ఓపికగా వివరించారు. ఆ గొట్టం చివర కమోడ్ లోపలికి జారి ఉన్న సమయంలో వీధి పైపులో ఒత్తిడి పడిపోతే, ఆ నీళ్లు వెనక్కి లాక్కుని తాగే నీటిలో కలిసే ప్రమాదం ఉంది. దీన్ని ఆపే వాక్యూమ్ బ్రేకర్ బిగించవచ్చు గాని, మామూలు రకం బ్రేకర్‌కు దిగువన మూసే కవాటం ఉండకూడదు. హెల్త్ ఫాసెట్‌లో మీట చేతి దగ్గరే ఉంటుంది కాబట్టి బ్రేకర్ ఎప్పుడూ ఒత్తిడిలోనే ఉండిపోతుంది. చివరికి, వెనక్కి లాగకుండా ఏర్పాటు లోపలే ఉండి, ఏఎస్ఎంఈ (అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం) ఏ112.4.2 ప్రమాణం ముద్ర ఉన్న బిడే సీటు (నీళ్లు చిమ్మి కడిగే కమోడ్ సీటు) తీసుకోమని సూచించారు. అదే పెట్టాం. నాన్నగారు మాత్రం ఇప్పటికీ ప్లాస్టిక్ మగ్గునే నమ్ముకున్నారు. దానికి ఏ కోడూ అడ్డు లేదు. కూర్చుని స్నానం చేయడానికి పెట్టిన చేతి షవర్‌కు కూడా నీళ్లు వెనక్కి లాగకుండా ఏర్పాటు ఉండాలన్న నియమం వర్తిస్తుంది. దాని పెట్టె మీద ముద్ర ఉందో లేదో ఆయన అడిగి మరీ చూశారు.

తుది తనిఖీ త్వరగానే అయిపోయింది. వేడినీటి వైపు పూర్తిగా తిప్పి, థర్మామీటర్ పెట్టి, షవర్ నీరు 120 డిగ్రీల ఫారన్‌హీట్ దాటడం లేదని చూశారు; వాల్వులో వేడిని హద్దులో ఉంచే అడ్డును ముందే సరిపెట్టి ఉంచడం వల్ల అక్కడ పేచీ రాలేదు. కమోడ్ కదలడం లేదని మోకాలితో నెట్టి చూసి, కార్డు మీద సంతకం చేశారు.

ఆ కార్డు నకలు, ఆమోదించిన బొమ్మ, గోడ మూసే ముందు తీసిన ఫొటోలు ఒక ఫైలులో ఉంచాను. ఈ రాష్ట్రంలో ఇల్లు అమ్మేవారు నింపవలసిన ఫారం 17లో, ఇంటికి మార్పులు చేశారా, చేస్తే పర్మిట్లు తీసుకున్నారా, తుది తనిఖీలు పూర్తయ్యాయా అని వరుసగా అడుగుతారు. పర్మిట్ లేకుండా షవర్ కట్టుకున్న మిత్రుడొకరు తన ఇల్లు అమ్మకానికి పెట్టే ఆలోచనలో ఉండి, ఇప్పుడు గోడ తెరిచి తనిఖీ చేయించుకోవడానికి ఏమి చేయాలో కనుక్కోవడానికి ఈమధ్యే నగర కార్యాలయానికి వెళ్లి వచ్చారు. పైపుల బొమ్మ ఎలా ఉండాలో చూసుకోవడానికి మా ఫైలు తీసుకువెళ్లారు.