రాయి ఒక్కటైనా కనబడలేదు

బైబిలులో మొదటి రాజుల గ్రంథం 6వ అధ్యాయాన్ని చాలామంది గబగబా చదివి దాటేస్తారు. అన్నీ మూరలు, గదులు, పలకలు, బంగారు రేకులు. నేనూ చాలా ఏళ్లు అలాగే దాటేశాను. కానీ ఏడో వచనం దగ్గర మాత్రం ప్రతిసారీ ఆగిపోతాను. ఇశ్రాయేలు రాజు సొలొమోను యెహోవాకు మందిరం కట్టిస్తున్నప్పుడు ఆ స్థలంలో సుత్తె, గొడ్డలి, ఏ ఇనుప పనిముట్టు చప్పుడూ వినబడలేదు. రాళ్లన్నీ ముందే చెక్కి, సిద్ధం చేసి తెచ్చారు.

ఈ వచనం మీద ఎన్నో ప్రసంగాలు విన్నాను. దేవుని సన్నిధిలో నిశ్శబ్దం గురించి చెబుతారు, అదీ నిజమే. నాకు మాత్రం ఆ చప్పుడంతా ఎక్కడికి పోయిందా అనిపిస్తుంది. ఎందుకంటే మా తాత రాళ్లు కొట్టేవారు. బండ మీద వరుసగా గుంటలు తొలిచి, వాటిలో ఇనుప చీలలు దిగ్గొట్టి, ఒక్కో చీల మీద సమ్మెటతో ఒక్కో దెబ్బ వేసుకుంటూ పోయేవారు. దెబ్బ దెబ్బకీ మోత మారుతుంది. కాసేపటికి ఆయన సమ్మెట ఆపి, తల వంచి వినేవారు. "ఇంకో రెండు చాలు" అనేవారు. ఆ రెండు దెబ్బలకే బండ గీత గీసినట్టు చీలేది. సాయంత్రం ఇంటికొచ్చాక గట్టిగా అరిస్తే గానీ ఆయనకు మన మాట వినబడేది కాదు. రాతి పని చప్పుడు లేకుండా అయ్యేది కాదు. మందిరం కట్టిన మోరీయా కొండ మీద వినబడలేదంటే ఇంకో కొండ మీద వినబడిందన్నమాటే.

ఆ కొండ ముందు అధ్యాయంలోనే ఉంది. పర్వతాల్లో రాళ్లు కొట్టినవాళ్లు 80,000 మంది, బరువులు మోసినవాళ్లు 70,000 మంది. వీళ్లంతా ఇశ్రాయేలు దేశంలో బతుకుతున్న అన్యదేశీయులని దినవృత్తాంతముల గ్రంథం చెబుతుంది. ఇశ్రాయేలీయుల్లోంచి కూడా 30,000 మందిని వెట్టికి పట్టారు. నెలకు 10,000 మంది చొప్పున లెబానోనుకు పోయేవారు. ఒక నెల అక్కడ, రెండు నెలలు ఇంటి దగ్గర. వెట్టి వాళ్ల మీద అధికారి అదోనీరాము. ఈ పేరు గుర్తుంచుకోండి.

ఇక మందిరం చూడండి. 60 మూరల పొడవు, 20 మూరల వెడల్పు, 30 మూరల ఎత్తు. మన లెక్కలో సుమారు 90 అడుగుల పొడవు, అంతే. అంత పెద్దదేమీ కాదు. కానీ లోపల గోడలకు నేల నుంచి పైదాకా దేవదారు పలకలు వేశారు, వాటి మీద విచ్చిన పువ్వులు చెక్కారు, ఆ పైన బంగారం పొదిగారు. అక్కడే 18వ వచనంలో గ్రంథకర్త చిన్న మాట ఒకటి అంటాడు: రాయి ఒక్కటైనా కనబడలేదని. చప్పుడు వినబడలేదు, రాయి కనబడలేదు. అంత మంది కొట్టిన రాయి, మోసిన రాయి, ఆ పలకల వెనకే ఉంది.

మందిరానికి ఏడేళ్లు పట్టింది. తర్వాత రాజు తన నగరు, అంటే రాజభవనం, కట్టుకున్నాడు, దానికి 13 ఏళ్లు. అందులో ఒక్క లెబానోను అరణ్యపు నగరే 100 మూరల పొడవు, 50 మూరల వెడల్పు. నేల కొలత తీస్తే మందిరానికి నాలుగింతల పైమాటే. సింహాసనపు మంటపం, ఫరో కుమార్తెకు ఇల్లు, పునాదుల్లో పది మూరల రాళ్లు. రెండూ కలిపి 20 ఏళ్లు, అంటే ఆయన ఏలిన 40 ఏళ్లలో సగం. సొలొమోను భక్తిని నేను తక్కువ చేసి మాట్లాడటం లేదు. ఆకాశ మహాకాశములు సహితము నిన్ను పట్టజాలవు, ఈ మందిరం ఎలా పడుతుందని ప్రతిష్ఠ రోజున చేతులు చాపి ప్రార్థించిన మనిషి ఆయన. దూరదేశం నుంచి వచ్చే పరదేశి మొర కూడా వినమని అడిగాడు. ఆ మాట చదివినప్పుడల్లా నా కళ్లు చెమ్మగిల్లుతాయి, ఆ పరదేశుల్లో మనమూ ఉన్నాం కదా.

కానీ ఇంకోటి కూడా ఉంది. మందిరపు పని మొదలైన ఏడాదిని ఆ అధ్యాయం ఎలా లెక్కించిందో చూడండి. సొలొమోను ఏలుబడిలో నాలుగో ఏడు అని ఊరుకోలేదు, ఇశ్రాయేలీయులు ఐగుప్తు (ఈజిప్టు) నుంచి బయటికి వచ్చిన 480వ సంవత్సరం అన్నది. ఇటుకల వెట్టి నుంచి దేవుడు విడిపించిన రోజు నుంచి లెక్క! ఆ లెక్కతో మొదలైన పనిలోకి మళ్లీ వెట్టి వచ్చింది. నాకైతే ఇది చదివి గుండె బరువెక్కుతుంది.

సరిగ్గా కొలతల మధ్యలో, లోపలి గోడల పలకల సంగతి ఇంకా మొదలుకాకముందే, యెహోవా వాక్కు రాజుకు వచ్చింది. గోడలు బాగున్నాయని గానీ బంగారం చాలదని గానీ దేవుడు అనలేదు. నా కట్టడల ప్రకారం నడుచుకుంటే నేను ఇశ్రాయేలీయుల మధ్య నివసిస్తాను, నా జనాన్ని విడిచిపెట్టను అన్నాడు. ఆయన నివాసం జనుల మధ్య. లెబానోనులో ఒక నెల చాకిరీ చేసి ఇంటికి నడిచొస్తున్నవాళ్ల మధ్య కూడా.

రాజు చనిపోయాక షెకెములో జనమంతా రెహబాము ముందు నిలబడి, నీ తండ్రి మా కాడిని బరువు చేశాడు, తేలిక చెయ్యమన్నారు. ఆయన ఇంకా బరువు చేస్తానన్నాడు. తర్వాత వెట్టి అధికారిని వాళ్ల దగ్గరికి పంపాడు. ఆ పేరు మళ్లీ వస్తుందక్కడ, కాస్త మార్పుతో: అదోరాము. జనం ఆయన్ని రాళ్లతో కొట్టి చంపారు.

మా ఊరి మందిరానికి పునాది రాళ్లు, కింది మూడు వరుసలు మా తాత కొట్టినవే. ఆ తర్వాత గోడలకు గిలాబు చేశారు, రంగులు వేశారు, ఈమధ్య టైల్స్ కూడా అంటించారు. ఏ వైపు గోడో నాకు తెలుసు. ఆరాధనకు వెళ్లినప్పుడు ఆ గోడ పక్కనే కూర్చుంటాను. పాట ఆగి అందరూ మౌనంగా ప్రార్థనలో ఉన్నప్పుడు, వీపు గోడకు ఆనించి, వింటూ ఉంటాను.