వ్యూలు, వ్యూపోర్ట్‌లు: క్యాడ్ సర్టిఫికేషన్‌కు నేను చదివిన తీరు

కంప్యూటర్‌లో డ్రాయింగులు గీసే సాఫ్ట్‌వేర్ ఆటోకాడ్‌లో సర్టిఫికేషన్ పరీక్ష పాసయ్యాను. ఫలితం చూసుకున్నాక నాకు పాసయ్యానన్న సంతోషం కంటే, లేఅవుట్‌లు (డ్రాయింగ్‌ను ప్రింటు కోసం షీటు మీద అమర్చే పేజీలు), వ్యూపోర్ట్‌ల విభాగంలో వచ్చిన మార్కులు ఇచ్చిన సంతోషమే ఎక్కువ. నాతో పాటు చదివినవాళ్లలో చాలామంది ఆ విభాగాన్ని చివరికి వాయిదా వేశారు, కొందరు పూర్తిగా వదిలేశారు. నేను మాత్రం దాన్నే మొదట పట్టుకున్నాను. అందుకే ఈ అనుభవంలో ఎక్కువ భాగం దాని గురించే ఉంటుంది.

గీయడం, సవరించడం, బ్లాకులు (మళ్లీ మళ్లీ వాడే బొమ్మలు), హ్యాచ్‌ల (గీతలతో నింపడం) గురించి కొత్తగా చెప్పడానికి ఏమీ లేదు. అక్కడ కావలసింది చేతివేగం. రోజూ గీస్తే అదే వస్తుంది. వ్యూపోర్ట్‌ల సంగతి అలా కాదు. ఎన్ని డ్రాయింగులు గీసినా, లేఅవుట్‌లో ఏం జరుగుతోందో ఒకసారి ఆగి ఆలోచించకపోతే ఆ ప్రశ్నలు అర్థం కావు.

మొదట తేడా స్పష్టం చేసుకోండి. వ్యూ అంటే డ్రాయింగ్‌ను ఎక్కడి నుంచి, ఏ దిశలో, ఎంత పెద్దదిగా చూస్తున్నామన్నది. వ్యూపోర్ట్ అంటే ఆ చూపు కనిపించే కిటికీ. డ్రాయింగ్ ఒక్కటే, కిటికీలు ఎన్నైనా ఉండవచ్చు. వ్యూ కమాండ్‌తో ఒక చూపుకు పేరు పెట్టి దాచుకుంటే, దాని మధ్యబిందువు, జూమ్ పరిమాణం, చూసే దిశలతో పాటు కోరుకుంటే యూసీఎస్‌ను (మనం పెట్టుకున్న అక్షాల వ్యవస్థను), అప్పటి లేయర్ల (డ్రాయింగ్‌లోని పొరల) స్థితిని కూడా అది గుర్తుపెట్టుకుంటుంది. ఈ చివరి సంగతిని చాలామంది పట్టించుకోరు. పేరున్న వ్యూను తిరిగి తెచ్చినప్పుడు కొన్ని లేయర్లు ఎందుకు మాయమయ్యాయన్న ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

కిటికీలు రెండు రకాలు. మోడల్ ట్యాబ్‌లో వీపోర్ట్స్ కమాండ్‌తో తెరను విభజిస్తే వచ్చేవి పలకల్లా పక్కపక్కన ఆనుకుని ఉంటాయి. ఒకదానిపై ఒకటి రావు, వాటిని విడిగా జరపలేం, ప్లాట్ (ప్రింట్) చేస్తే కరెంట్ వ్యూపోర్ట్, అంటే ఇప్పుడు పని చేస్తున్నది, ఒక్కటే వస్తుంది. అయితే ఒక వ్యూపోర్ట్‌లో మొదలుపెట్టిన గీతను మరొకదానిలో ముగించవచ్చు. పెద్ద డ్రాయింగ్‌లో రెండు మూలలను ఒక గీతతో కలపాల్సి వచ్చినప్పుడు దీని విలువ తెలుస్తుంది. లేఅవుట్‌లో ఎంవ్యూ కమాండ్‌తో చేసేవి వేరు. అవి పేపర్ స్పేస్‌లోని, అంటే లేఅవుట్ షీటు మీది, వస్తువులు. వాటిని జరపవచ్చు, కాపీ చేయవచ్చు, సాగదీయవచ్చు, చెరిపేయవచ్చు. ఒకదానిపై ఒకటి ఉన్నా ఇబ్బంది లేదు, అన్నీ కలిసి ప్లాట్ అవుతాయి.

ఇక్కడి నుంచి నేను పెట్టుకున్న నియమం ఒకటే. ఏ ప్రశ్న చదివినా మొదట, ‘ఇప్పుడు నేను ఏ స్పేస్‌లో ఉన్నాను, ఏ వ్యూపోర్ట్ కరెంట్‌గా ఉంది?’ అని అడగాలి. దానికి జవాబు రెండు సిస్టమ్ వేరియబుల్స్ చెబుతాయి. టైల్‌మోడ్ 1 అయితే మోడల్ ట్యాబ్‌లో ఉన్నాం. టైల్‌మోడ్ 0 అయి, సీవీపోర్ట్ 1 అయితే లేఅవుట్‌లో పేపర్ స్పేస్‌లో ఉన్నాం. టైల్‌మోడ్ 0 ఉండగానే సీవీపోర్ట్ 1 కంటే ఎక్కువ చూపిస్తే లేఅవుట్‌లోని ఏదో ఒక వ్యూపోర్ట్ లోపలికి, అంటే డ్రాయింగ్ గీసిన మోడల్ స్పేస్‌లోకి వెళ్లాం. కంటికి గుర్తు కావాలంటే యూసీఎస్ ఐకాన్‌ను చూడండి. పేపర్ స్పేస్‌లో అది సెట్‌స్క్వేర్ ఆకారంలో ఉంటుంది, వ్యూపోర్ట్ లోపలికి వెళ్లగానే మామూలు అక్షాలు కనిపిస్తాయి. ఈ ఒక్క అలవాటు నన్ను కాపాడినంతగా ఏ గైడూ కాపాడలేదు.

ఇప్పుడు నా ప్రిపరేషన్‌ను మలుపు తిప్పిన ప్రశ్న గురించి చెప్పాలి. ఒక ప్రాక్టీస్ పేపర్‌లో వచ్చింది. ప్లాన్ మీటర్లలో గీసి ఉంది, పొడవు 12, వెడల్పు 9. ఏ3 షీటు లేఅవుట్ మిల్లీమీటర్లలో ఉంది. వ్యూపోర్ట్‌లో స్కేలు 1:50 ఉండాలి. జూమ్‌లో ఏ విలువ ఇవ్వాలి? అందరిలాగే నాకూ నోటికి వచ్చిన సూత్రం 1/50ఎక్స్‌పీ. అది ఇవ్వగానే ప్లాన్ మొత్తం షీటు మధ్యలో చుక్కంత అయిపోయింది. వ్యూపోర్ట్‌ను ఎంచుకుని స్కేళ్ల జాబితాలోంచి 1:50 తీసుకున్నా అదే చుక్క.

సాఫ్ట్‌వేర్‌ను పక్కన పెట్టి కాగితం, పెన్సిలు తీసుకున్నాను. ఎక్స్‌పీ అంటే పేపర్ స్పేస్‌తో పోల్చిన పరిమాణం. అంటే అది అడుగుతున్నది ఒక్కటే: డ్రాయింగ్‌లోని ఒక యూనిట్ కాగితం మీద ఎన్ని యూనిట్లు కావాలి? ఇక్కడ డ్రాయింగ్ యూనిట్ మీటరు, కాగితం యూనిట్ మిల్లీమీటరు. 1:50 స్కేలులో ఒక మీటరు, అంటే 1000 మిల్లీమీటర్లు, కాగితం మీద 1000/50 అవుతుంది, అంటే 20 మిల్లీమీటర్లు. కాబట్టి ఇవ్వవలసింది 20ఎక్స్‌పీ. నేను మొదట ఇచ్చిన 0.02తో 12 యూనిట్ల ప్లాన్ కాగితం మీద 0.24 మిల్లీమీటర్లకు కుదించుకుపోయింది. చుక్కలా కనిపించడంలో వింత లేదు, సాఫ్ట్‌వేర్ అడిగింది అడిగినట్టే చేసింది.

20ఎక్స్‌పీ ఇచ్చాక కంటితో చూసి తృప్తి పడలేదు. 12 మీటర్లు 240 మిల్లీమీటర్లు కావాలి, 9 మీటర్లు 180 కావాలి. పేపర్ స్పేస్‌లో 240, 180 కొలతలతో దీర్ఘచతురస్రం గీసి, వ్యూపోర్ట్‌లో కనిపిస్తున్న ప్లాన్ మూల మీదికి జరిపాను. నాలుగు అంచులూ గీత మీద గీతలా కలిశాయి. ఆ క్షణం నుంచి వ్యూపోర్ట్ స్కేలు నాకు బట్టీ పట్టే అంశం కాకుండా పోయింది. సూత్రం మరిచిపోయినా ఫర్వాలేదన్న ధైర్యం వచ్చింది, ఎందుకంటే లెక్కను ఎప్పుడంటే అప్పుడు మొదటి నుంచి కట్టుకోగలను.

ఆ తర్వాత అదే లెక్కను అన్ని వైపుల నుంచీ చేశాను. సెంటీమీటర్లలో గీసిన డ్రాయింగ్‌కు 1:50 అంటే 10/50, అంటే 0.2ఎక్స్‌పీ. మిల్లీమీటర్లలో గీస్తేనే 0.02 సరైనది. తిరగేసి కూడా చేయండి: వ్యూపోర్ట్ ప్రాపర్టీస్‌లో కస్టమ్ స్కేల్ 5 అని ఉంది, డ్రాయింగ్ మీటర్లలో ఉంది, స్కేలెంత? 1000/5, కాబట్టి 1:200. మిల్లీమీటర్ల డ్రాయింగ్‌లో 0.04 ఉంటే 1:25. అక్షరాల ఎత్తు కూడా ఈ లెక్కలోంచే వస్తుంది. కాగితం మీద 2.5 మిల్లీమీటర్ల అక్షరం కావాలంటే, పై మీటర్ల ప్లాన్‌లో 2.5/20, అంటే 0.125 ఎత్తుతో రాయాలి. అదే ప్లాన్ మిల్లీమీటర్లలో ఉంటే 125. యానోటేటివ్ టెక్స్ట్ (స్కేలును బట్టి తానే పరిమాణం మార్చుకునే అక్షరం) ఉంది కదా, ఇదంతా దానంతటదే జరుగుతుందని అనుకోవద్దు. మీటర్ల డ్రాయింగ్‌లో జాబితాలోని 1:50ను ఎంచుకుంటే ఆ అక్షరం 125 మీటర్ల ఎత్తున నిలబడుతుంది. స్కేళ్ల జాబితాను సవరించే స్కేల్‌లిస్ట్‌ఎడిట్‌లోకి వెళ్లి పేపర్ యూనిట్లు 20, డ్రాయింగ్ యూనిట్ 1 అని మన స్కేలును మనమే చేర్చుకోవాలి.

జూమ్‌లో అంకె పక్కన ఏమీ లేకపోతే అది డ్రాయింగ్ లిమిట్స్‌తో (డ్రాయింగ్‌కు మనం పెట్టుకున్న హద్దులతో) పోల్చినది, ఎక్స్ ఉంటే ఇప్పుడు కనిపిస్తున్న వ్యూతో పోల్చినది, ఎక్స్‌పీ ఉంటే పేపర్ స్పేస్‌తో పోల్చినది. ఈ మూడింటి మధ్య తేడా మీద ప్రశ్నలు తిప్పితిప్పి వస్తాయి. జూమ్ ఆల్, జూమ్ ఎక్స్‌టెంట్స్ మధ్య తేడా కూడా అంతే. ఆల్ లిమిట్స్‌ను కూడా లెక్కలోకి తీసుకుంటుంది, ఎక్స్‌టెంట్స్ గీసిన వస్తువులనే చూస్తుంది. ఆఫ్ చేసిన లేయర్‌లోని వస్తువులు కూడా ఎక్స్‌టెంట్స్ లెక్కలోకి వస్తాయి, ఫ్రీజ్ చేసినవి రావు. ఖాళీగా కనిపించే చోటికి జూమ్ ఎందుకు సాగిపోయిందో దీన్నిబట్టి పట్టుకోవచ్చు.

వ్యూపోర్ట్ ఖాళీగా ఉంటే కారణమేమిటన్నది నాకు బాగా నచ్చిన ప్రశ్న. చాలామంది వెంటనే రీజెన్ (డ్రాయింగ్‌ను తెర మీద మళ్లీ లెక్కించి గీయించే కమాండ్) కొడతారు. దానికంటే ముందు వరుసగా చూడండి. ఆ వ్యూపోర్ట్‌ను ఆఫ్ చేసి ఉండవచ్చు. లేయర్లను ఆ ఒక్క వ్యూపోర్ట్‌లోనే ఫ్రీజ్ చేసి ఉండవచ్చు, లేయర్ ప్యాలెట్‌లో వీపీ ఫ్రీజ్ కాలమ్ దాని కోసమే ఉంది. లోపల చూపు డ్రాయింగ్‌కు దూరంగా ఎక్కడో ఉండవచ్చు. లేదా ఒకేసారి ఎన్ని వ్యూపోర్ట్‌లు పనిచేయవచ్చో చెప్పే మాక్స్‌యాక్ట్‌వీపీ విలువను ఎవరో తగ్గించి ఉండవచ్చు. దాని డిఫాల్ట్ 64, అంతకు మించి పెరగదు. ఆ పరిమితి దాటిన వ్యూపోర్ట్‌లు లేఅవుట్‌లో ఉంటాయి గానీ లోపల ఏమీ చూపించవు.

వ్యూపోర్ట్ చుట్టూ ఉన్న గీత ప్లాట్‌లో రాకూడదంటే దాన్ని ప్రత్యేక లేయర్‌లో పెట్టి, ఆ లేయర్ ప్లాట్ కాకుండా చేయడం శుభ్రమైన పద్ధతి. వీపీక్లిప్‌తో వృత్తంగానో, మూసిన పాలీలైన్ ఆకారంలోనో కత్తిరించిన వ్యూపోర్ట్ అయితే ఇంకో జాగ్రత్త ఉంది. దాని గీత ఉన్న లేయర్‌ను ఆఫ్ చేయవచ్చు, ఫ్రీజ్ మాత్రం చేయకూడదు. ఫ్రీజ్ చేస్తే గీతతో పాటు కత్తిరింపు కూడా పోతుంది, దాచుకున్నదంతా మళ్లీ బయటికి వస్తుంది. ఆఫ్‌కూ ఫ్రీజ్‌కూ తేడా ఏమిటని సిద్ధాంతంగా అడిగితే అందరూ చెబుతారు. ఇలాంటి చోట వాడి చూపించినప్పుడే అది నిజంగా తెలిసినట్టు.

‘ఇంత చిన్న విభాగానికి ఇన్ని రోజులా?’ అని నన్ను చాలామంది అడిగారు. ఈ విషయంలో నా అభిప్రాయం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. సిలబస్‌లో దీనికి రాసిన వాటా చిన్నదే కావచ్చు. కానీ కొలతల ప్రశ్నలోనూ, అక్షరాల ఎత్తు ప్రశ్నలోనూ, లేయర్ల ప్రశ్నలోనూ, ప్లాటింగ్ ప్రశ్నలోనూ తలదూర్చేది ఇదే. ఇది రాకపోతే పోయేది ఒక విభాగం మార్కులే కాదు. అదీగాక, గీసిన డ్రాయింగ్ చివరికి చేరేది షీటు మీదికే. షీటు మీద స్కేలు తప్పిన డ్రాయింగ్ ఎంత అందంగా గీసినా పనికిరాదు. ఈ పని నేర్చుకుంటూ దాన్ని చిన్నదిగా చూడటం నా వల్ల కాలేదు.

ఇంకో మాట గట్టిగా చెబుతాను. టెంప్లేట్ తెరిచి, అందులో ముందే ఉన్న వ్యూపోర్ట్‌లతో పని కానిచ్చే అలవాటును ప్రిపరేషన్ ఉన్నన్నాళ్లూ పక్కన పెట్టండి. రోజూ ఖాళీ లేఅవుట్‌తో మొదలుపెట్టండి. పేజ్ సెటప్ మీరే చేయండి, ప్లాట్ స్కేలు 1:1 మీరే పెట్టండి, వ్యూపోర్ట్ మీరే గీయండి, స్కేలు మీరే లెక్కకట్టి ఇవ్వండి, ఇచ్చిన వెంటనే లాక్ చేయండి. లాక్ చేసిన వ్యూపోర్ట్ లోపలికి వెళ్లి మౌస్ చక్రం తిప్పినా షీటు మొత్తం పెద్దదీ చిన్నదీ అవుతుంది, స్కేలు చెదరదు. లాక్ చేయడానికి పట్టేది ఒక్క క్లిక్కు. ఆ క్లిక్కుకు బద్ధకించినవాళ్లు తర్వాత ప్రతి వ్యూపోర్ట్ స్కేలునూ మళ్లీ మళ్లీ సరిచేస్తూ గంటలు పోగొట్టుకోవడం చూశాను. రేపు చేద్దామనుకున్న సాధన జరగదు. ఈ రోజు ఒక లేఅవుట్, రేపు ఒక లేఅవుట్, అంతే.

మిగిలినవి త్వరగా చెబుతాను. గీత గీతల లైన్‌టైపులు వేర్వేరు స్కేళ్ల వ్యూపోర్ట్‌లలో ఒకేలా కనిపించాలంటే పీఎస్‌ఎల్‌టీస్కేల్ 1 ఉండాలి, స్కేలు మార్చాక రీజెన్‌ఆల్ ఇవ్వాలి. ఉత్త రీజెన్ కరెంట్ వ్యూపోర్ట్‌కే పరిమితం. వృత్తం తెర మీద బహుభుజిలా కనిపిస్తే అది వ్యూరెస్ సంగతి, దాని పరిధి 1 నుంచి 20000 వరకు. జూమ్ ప్రీవియస్ వెనకటి 10 వ్యూల వరకు వెళ్తుంది. ఒక వ్యూపోర్ట్ లోపల మరొకటి ఇరుక్కుంటే కంట్రోల్, ఆర్ కలిపి నొక్కుతూ దానిలోకి చేరవచ్చు. ఏటవాలుగా ఉన్న డ్రాయింగ్‌ను షీటు మీద అడ్డంగా చూపించాలంటే దాన్ని రొటేట్ చేయకండి, నిరూపకాలన్నీ చెడిపోతాయి. డీవ్యూలోని ట్విస్ట్ వాడండి, లేదా యూసీఎస్ తిప్పి ప్లాన్ కమాండ్ ఇవ్వండి. పాత ప్రశ్నలు చదివేవారికి ఒక సూచన: పేపర్ స్పేస్ 1990లో రిలీజ్ 11తో వచ్చింది. ఒకే ఫైలులో అనేక లేఅవుట్‌లు ఆటోకాడ్ 2000తో వచ్చాయి. వ్యూపోర్ట్‌కొక లేయర్ రంగు పెట్టుకునే వీలు, యానోటేటివ్ స్కేళ్లు 2008 వెర్షన్‌తో వచ్చాయి. అంతకు ముందటి పుస్తకంలో ఇవి కనిపించకపోతే కంగారు పడవద్దు.

చివరిగా, నాకు బాగా పనికొచ్చిన అభ్యాసం ఒకటి ఇస్తాను. 12, 9 మీటర్ల ప్లాన్‌ను మీటర్లలోనే గీయండి. ఒకే షీటు మీద రెండు వ్యూపోర్ట్‌లు పెట్టండి: మొత్తం ప్లాన్ 1:100లో, ఒక మూల మాత్రం 1:20లో. మొదటిదానిలో హ్యాచ్ లేయర్‌ను వీపీ ఫ్రీజ్ చేయండి, రెండోదాన్ని వృత్తంగా కత్తిరించండి, రెండింటినీ లాక్ చేయండి. పేపర్ స్పేస్‌లో దీర్ఘచతురస్రం గీసి స్కేళ్లు సరిచూసుకోండి. ఇప్పుడు ఫైలుకు కాపీ తీసి, ప్లాన్‌ను స్కేల్ కమాండ్‌తో 1000 రెట్లు పెంచి, లేఅవుట్ మొత్తాన్ని మళ్లీ సరిచేయండి. 10, 50 ఎక్స్‌పీలు 0.01, 0.05 ఎక్స్‌పీలుగా మారాలి. ఆ మార్పును ఏ పుస్తకమూ చూడకుండా చేయగలిగితే పరీక్ష తేదీ బుక్ చేసుకోండి.