రోళ్లపాడులో ఇర్రి జాడ
కృష్ణజింకను వేటాడితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు కనీసం 3 ఏళ్ల జైలుశిక్ష పడుతుంది, అది న్యాయమే. అయినా జాడ పట్టడం, గాలివాలు చూసుకొని నడవడం, ఓపికతో కాచుకోవడం అనే విద్యలు మా అబ్బాయికి తెలియాలనే కోరికతో, సంక్రాంతి సెలవుల్లో వాణ్ణి కర్నూలు నుంచి రోళ్లపాడు గడ్డిమైదానానికి తీసుకెళ్లాను. బట్టమేకపిట్ట కోసం 1988లో ఏర్పాటైన అభయారణ్యం అది. జింకకు చూపే పెద్ద బలం కనుక, చాటులేని ఆ బయలులో నక్కి వెళ్లడం చాలా కష్టం. మెలితిరిగిన కొమ్ముల నల్లని ఇర్రి (మగ కృష్ణజింక) ఒకటి తలెత్తి చూసినప్పుడల్లా వాడు ఉన్నచోటే నిలిచిపోయి, అది మేతకు వంగాకే అడుగు వేశాడు. ఆ నిగ్రహం నాకెంతో నచ్చింది.

"నాన్నా, ఇవి పప్పుశనగ చేను మేసేస్తే రైతు ఏం కావాలి?" అని వాడు తిరుగుదారిలో అడిగాడు. నష్టపోయిన రైతుకు పరిహారం వెంటనే అందాలనీ, జింకను కాపాడే భారం అతనొక్కడిమీదే మోపకూడదనీ చెప్పాను.