బడి బస్సు ఎఫ్‌సీ: వెనక తలుపు దగ్గర పోయిన నా పరువు

నిన్న సాయంత్రం నాలుగింటికి మా బస్సుకు ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు, అయింది. గోళ్ళ సందుల్లో పసుపు రంగు ఇంకా వదల్లేదు. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

నేను చీమకుర్తి దగ్గర ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో డ్రిల్లు మాస్టర్ని. పిల్లల చేత ఖోఖో ఆడించుకునేవాణ్ణి. మా కరస్పాండెంటు గారి కంటికి ఖాళీగా కనబడేది నేనొక్కణ్ణే కాబట్టి ఏటా మే నెలలో బస్సు పని నా నెత్తిన పడుతుంది. స్కూలు బస్సుల ఫిట్‌నెస్ మే 15తో తీరిపోతుంది, జూన్‌లో బడి తెరిచేలోగా మళ్ళీ చేయించాలి.

ఆన్‌లైన్లో డబ్బు కట్టడం, స్లాటు తీసుకోవడం అరగంట పని. ఇన్సూరెన్సు ఉంది. దాని గురించి రాసేదేం లేదు.

పొగ టెస్టు దగ్గర కొంచెం భయపడ్డా. మా బండి 2013ది, బీఎస్-3 అనే పాత పొగ ప్రమాణాల తరం. వీటికి పొల్యూషన్ కాగితం ఆరు నెలలే పనికొస్తుంది, బీఎస్-4 నుంచి ఏడాది. యాక్సిలరేటరు తొక్కగానే ఇటుకబట్టీ మాదిరి నల్లటి పొగ. మెషీన్లో పొగ చిక్కదనం 3.1 పడింది. ఈ తరం డీజిల్ బండికి 2.45 దాటకూడదు. ఇంజను బోరుకొచ్చింది, నలభై వేలవుద్దన్నాడు ఒక మెకానిక్కు. మా డ్రైవరు బాబాయి ఏమీ మాట్లాడకుండా ఎయిర్ ఫిల్టరు ఊడదీసి నేలకేసి కొట్టాడు. పిండిమరలో దులిపినట్టు గ్రానైట్ దుమ్ము! గాలి అందక డీజిల్ సరిగా కాలడం లేదు, అదే నల్లపొగ. కొత్త ఫిల్టరు వేశాక 1.9. క్వారీల పక్కన బండి తిప్పేవాళ్ళు నలభై వేల మెకానిక్కు దగ్గరికి పోయేముందు ఫిల్టరు చూసుకోండి.

ఇక అసలు సంగతి. ఒంగోల్లో రవాణా ఆఫీసు దగ్గర పొద్దున ఏడింటికే బండిని వరసలో పెట్టాం. రోహిణి కార్తె ఎండ, ముందూ వెనకా అన్నీ పసుపు బస్సులే. పదకొండున్నరకి బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు మా బండి దగ్గరికొచ్చారు. మందుల పెట్టె, మంటలార్పే సిలిండరు మీద తేదీ, వైపర్లు, చేతిబ్రేకు, స్పీడు గవర్నరు సీలు అన్నీ చూశారు. రిఫ్లెక్టరు స్టిక్కర్లు ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు సరిగ్గా ఉన్నాయని తలూపారు. నేను అప్పటికే ఇంటికి ఫోన్ చేసి మధ్యాన్నం భోజనానికి వస్తానని చెప్పేశా.

ఆయన లోపలికెక్కి వెనక నేల మీద కాలితో తట్టారు.

"ఈ నాలుగు బోల్టులేంది మాస్టారూ?"

మూడేళ్ళ కింద పిల్లలు ఎక్కువయ్యారని వెనక తలుపుకు అడ్డంగా ఒక చెక్కబల్ల బిగించారు మావాళ్ళు. ఆరుగురు కూర్చుంటారు. ఎఫ్‌సీ రోజు తెల్లారుజామున ఊడదీయడం, సాయంత్రం మళ్ళీ బిగించడం. ఆ బోల్టులు తిప్పేది నేనే. నేను నీళ్ళు నమిలా.

"సరే, మీరు ఆ చివరి సీట్లో కూర్చోండి. ముందు తలుపు దగ్గర మంట అంటుకుంది. బయటికి రండి" అని దిగిపోయి వాచీ చూసుకుంటూ నిలబడ్డారు.

పిడి తిప్పా. తిరిగింది. తలుపు కదల్లేదు. భుజం పెట్టా, కదల్లేదు. ఏటా మే నెలలో రంగు మీద రంగు కొట్టీ కొట్టీ సందు మొత్తం పూడిపోయింది. తలుపేదో గోడేదో తెలియకుండా ఒకటే పసుపు. కాలితో తన్నడం మొదలుపెట్టా. ఆ చప్పుడికి పక్క బళ్ళ డ్రైవర్లు మూగారు. "డ్రిల్లు మాస్టారంటయ్యా, ఇంకాస్త గట్టిగా తన్నండి సారూ" అన్నాడొకడు. ఒక కుర్రాడు ఫోన్లో తీస్తున్నాడు. జిల్లా స్థాయిలో కబడ్డీ ఆడిన కాళ్ళు ఇవి, అబద్ధం కాదు. నాలుగు నిమిషాలు తన్నా. చొక్కా పిండితే నీళ్ళు కారేట్టు తడిసి, ఆఖరికి ముందు తలుపు నుంచే దిగా.

"మంట అక్కడే గదా మాస్టారూ" అన్నారాయన.

గట్టిగా అనలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కాగితాలు చేతికిస్తూ, "పాలెం దగ్గర బస్సు కాలి నలభై అయిదు మంది పోయింది 2013లోనే. మీ బండీ ఆ ఏటిదే" అని పక్క బండికి పోయారు.

అప్పుడు దిగాడు ఏజెంటు. ఆ సారు నాకు తెలుసు, రెండు వేలిస్తే తలుపు ఊసే రాదన్నాడు. కరస్పాండెంటు గారికి ఫోన్ చేస్తే ఇచ్చెయ్యమన్నారు. సిగ్గు విడిచి చెప్తున్నా, ఇచ్చా. మూడింటికి వచ్చి "ఈ సారు వినే రకం కాదు" అన్నాడు. డబ్బు మాత్రం తిరిగి రాలేదు. చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుక్కూర్చునే మనిషిని ఎవర్నీ నమ్మొద్దు. ఆఫీసు లోపల గుమాస్తాల కన్నా వాళ్ళకే దర్పం ఎక్కువ.

ఆ రాత్రి కర్నూలు రోడ్డులో ఒక బాడీ షెడ్డుకు తీసుకుపోయాం. బ్లేడుతో గీకుతుంటే రంగు రొట్టెముక్కల్లా పెచ్చులు పెచ్చులుగా లేచింది. అడుగు పొరలో ఎర్రటి అక్షరాలు బయటపడ్డాయి: అత్యవసర ద్వారం. కంపెనీ నుంచి వచ్చిన రోజున రాసినవి. వాటి మీద ఏటా మేమే రంగు కొట్టించాం. పక్కన నిలబడి "ఇంకో కోటింగు వెయ్యి" అన్నదీ నేనే. అది చూశాక షెడ్డు వాడితో బేరం కూడా ఆడలేదు. కీళ్ళకు గ్రీజు పెట్టించి, రబ్బరు బీడింగు మార్పించి, ఆ నాలుగు బోల్టులూ గ్రైండరుతో కోయించేశా.

నిన్న మళ్ళీ అదే ఇన్‌స్పెక్టరు గారు. ఈసారి నన్ను అడగలేదు, మా ఆయమ్మను పిలిచారు. "తియ్యమ్మా." ఆమె ఒంటిచేత్తో తీసింది. డ్రైవరు బాబాయి చేత కూడా తీయించారు. నాకూ తీయాలని ఉండింది, అడగలేకపోయా. గీకినచోట గోడ పెచ్చు ఊడినట్టున్నా ఏమీ అనకుండా సంతకం పెట్టారు.

రాత్రి కరస్పాండెంటు గారు ఫోన్ చేసి మొదట అడిగింది బల్ల గురించి. బోల్టుల్లేవండీ అన్నా. కొత్తవి కొనుక్కోవచ్చు గదా అన్నారు. బల్ల నా డ్రిల్లు గదిలో ఉంది, తాళంచెవి నా జేబులో ఉంది. బడి తెరిచిన మొదటివారం పిల్లలందర్నీ ఆ తలుపు నుంచి దించి విజిలేసి లెక్కపెడతానని చెప్పా. ఆయన అవుననలేదు, కాదనలేదు.

పొద్దున పెయింటరు డబ్బా పట్టుకుని వచ్చాడు, గీకినచోట కొట్టడానికి. సందు పొడుగునా పాత పేపరు మడిచి దూర్చి, ఎర్రటి అక్షరాల మీద చెయ్యి అడ్డం పెట్టి, అతను బ్రష్షు కడుక్కునేదాకా అక్కడే నిలబడ్డా.