ఎదుటి ప్లీడరు ఏమంటాడు?

సావనీరుకు ఏదో ఒకటి రాయమని కమిటీ తరఫున ఫోన్ చేసింది మన దోమల రాణే. రెండు పేజీలు దాటితే కత్తెరేస్తానని కూడా చెప్పింది. ఆమె మాట కాదనే ధైర్యం మన బ్యాచ్‌లో ఎవరికుంది?

ఇంజనుగాడి సైకిలు గురించీ, సైన్సు రూములో కప్ప గురించీ మిగతావాళ్ళు ఎలాగూ రాస్తారు. నాకు ఎనిమిది, తొమ్మిది తరగతులు అసలు గుర్తే లేవు. గుర్తున్నదల్లా పదో తరగతిలో రాసిన ఒక వ్యాసం. "మన ఊరికి ఏం కావాలో రాయండి. చదివాక నేను ఒప్పుకోవాలి" అన్నారు తెలుగు మాస్టారు.

గుంటూరుకు హైకోర్టు తిరిగి ఇచ్చెయ్యాలని ఆరు పేజీలు దంచాను. 1954లో మన ఊళ్ళో పెట్టిన కోర్టును 1956లో హైదరాబాదు పట్టుకుపోయారని, ప్లీడరు గుమాస్తాగా చేసిన మా తాతయ్య రోజూ గొణిగేవాడు. ఆ కసంతా కాగితం మీద కక్కాను.

ఆ కాగితాలు మొన్న తీసి చదివాను. మొదటి పేరా బాగుంది, నేనే చెప్పుకోవాలి. ఖాళీ అయిపోయిన ప్లీడరుగారి వరండా, అక్కడే తిరిగే గుమాస్తా. అక్కడితో ఆపినా మాస్టారు ఒప్పుకునేవారేమో. ఆ తర్వాతంతా కర్నూలునీ, హైదరాబాదునీ కలిపి తిట్టడమే. 'బ్రాడీపేటలో ఇంటికో ప్లీడరు' అన్నచోట ఎర్రసిరా: "లెక్కపెట్టావా?" శ్రీకాకుళం కక్షిదారు ఇంతదూరం ఎలా వస్తాడన్న ఊసే లేదు. చివర్న పెద్ద అక్షరాలతో: "ఎదుటి ప్లీడరు ఏమంటాడు?"

అంతటితో వదిలారా! మర్నాడు నిలబెట్టి, "ఇవాళ నువ్వు కర్నూలువాడివి, వాదించు" అన్నారు. మీరంతా బల్లలు చరిచారు, మర్చిపోలేదు. నాకు చెమటలు. "మాకున్న రాజధానీ పోయింది, కోర్టన్నా ఇవ్వరా" అని ఏదో నసిగాను. "నీ ఆరు పేజీలకన్నా ఈ ముక్క నయంరా" అని కూర్చోబెట్టారు.

ప్రైజు రాణికే వచ్చింది. వాళ్ళ వీధిలో మూతల్లేని కాలువలన్నీ తిరిగి లెక్కపెట్టి మరీ రాసింది కదా. అప్పుడు కుళ్ళుకున్నాను గానీ, ఇప్పుడు నన్నడిగినా తీర్పు అదే.

శ్రీబాగ్ ఒడంబడిక పేరు లా కాలేజీకి వెళ్ళాక గానీ వినలేదు. రాజధాని ఒకవైపు, హైకోర్టు ఒకవైపు అని కోస్తావాళ్ళూ, సీమవాళ్ళూ 1937లోనే అనుకున్నారట. కర్నూలు రాజధాని అయింది కాబట్టే మనకు కోర్టు దక్కింది. నేను తిట్టింది వాళ్ళనా!

2019 నుంచి హైకోర్టు మన పక్కనే, అమరావతిలోని నేలపాడులోనే ఉంది. నా వ్యాసం చదివి పంపలేదులెండి. వారంలో నాలుగు రోజులు నేనూ అక్కడే, వెనక ముగ్గురు జూనియర్లు. అందులో ఒకడిది కర్నూలు. "రాజధాని మీవైపే ఉంది కద సార్, కోర్టన్నా మాకివ్వండి" అని టీ దగ్గర రోజూ అదే ఒడంబడిక తీస్తాడు. నేను టీ డబ్బులిచ్చి లేచిపోతుంటాను.